పెట్టెమీది అంకెలు - చెవికి అందు సంగీతము

సంగీతమును వెంట తీసికొనిపోవు సాధనములు నేడు అంగడిలో అనేక రూపములలో లభించుచున్నవి. జేబులో ఇముడు చిన్న యంత్రములు కొన్ని. తీగ లేకుండ ఫోనునుండి పాటను అందుకొని వినిపించు బ్లూటూత్ స్పీకర్లు కొన్ని. వేల పాటలను ముందుగనే నింపుకొని పాతకాలపు రేడియో ఆకారములో వచ్చు పెట్టెలు మరికొన్ని. వీనిని కొనువారిలో విద్యార్థులు కలరు, ఉద్యోగవిరమణ చేసిన పెద్దలు కలరు, దూరదేశమునుండి తల్లిదండ్రులకు కానుకగా పంపు బిడ్డలు కలరు. వస్తువు చిన్నదే యైనను దానిపై వెచ్చించు సొమ్ము అందరికిని చిన్నది కాదు. బాగుగా కుదిరినచో ఏండ్ల తరబడి ఆ ఇంటిలో పాట వినబడును. కుదరనిచో పండుగ వెళ్లకమునుపే అది అటకెక్కును.

విచిత్రమేమనగా, చెవికొఱకు కొను ఈ వస్తువును మనము తరచుగా కంటితోనే కొనుచున్నాము. పెట్టెమీద ఇన్ని వాట్లనియు, ఇన్ని వేల పాటలనియు, ఇన్ని గంటల బ్యాటరీ అనియు, ఇన్ని కిలోహెర్ట్జులనియు పెద్ద అక్షరములలో అచ్చొత్తి యుండును. రెండు పెట్టెలను ప్రక్కప్రక్కన నిలిపి, ఏ పెట్టెమీది అంకె పెద్దదో చూచి, ఆ పెట్టెకు డబ్బు చెల్లించి వచ్చువారు అనేకులు. పాటను మాత్రము ఇంటికి వచ్చిన తరువాతనే మొదటిసారి విందురు.

ఈ అంకెలన్నియు పచ్చి అబద్ధములని అనరాదు. వానిలో అధికభాగము ఏదో యొక పరిస్థితిలో, ఏదో యొక కొలతలో నిజమే. ఆ పరిస్థితిని చెప్పక, అంకెను మాత్రమే చూపుటలో కిటుకు ఉన్నది. కావున ప్రకటనలోని ప్రతి అంకెను మూడు ప్రశ్నలు అడుగుట మంచిది. దీనిని ఎట్లు కొలిచిరి? ఏ షరతునకు లోబడి ఇది నిజము? ఇది నిజమే యైనను నా చెవికి అందునా? ఈ మూడు ప్రశ్నలకు శాస్త్రవేత్త కానక్కరలేదు. కూడికలు, భాగహారములు తెలిసినవారెవరైనను అడుగవచ్చును. జవాబును కూడ చాలవరకు తామే రాబట్టుకొనవచ్చును.

పెద్ద అంకెను చూపి అమ్ముట క్రొత్త ఆచారము కాదు. రేడియో శ్రోతలకు దీని పూర్వకథ ఆసక్తి కలిగించును. 1954వ సంవత్సరము అక్టోబరు మాసములో అమెరికాలో రీజెన్సీ టి.ఆర్.-1 అను రేడియో వెలువడినది. ట్రాన్సిస్టర్లతో తయారై సామాన్యుల అమ్మకమునకు వచ్చిన మొదటి జేబు రేడియో అదియే. దాని వెల 49 డాలర్ల 95 సెంట్లు. దానిలోని ట్రాన్సిస్టర్లు 4 మాత్రమే. తరువాతి సంవత్సరములలో 6 ట్రాన్సిస్టర్ల ఏర్పాటు పరిపాటియైనది. స్టేషను తరంగమును పట్టి మార్చుటకు ఒకటి, మారిన తరంగమును బలపరచుటకు రెండు, దానినుండి వేరుచేసిన ధ్వనిని పెంచుటకు ఒకటి, స్పీకరును నడపుటకు రెండు. ఈ ఆరింటితో చక్కని రేడియో అమరును.

ట్రాన్సిస్టరు ఏమి చేయునో కొనువారిలో చాలమందికి తెలియదు. ఆరుకంటె పది పెద్దదని మాత్రము అందరికిని తెలియును. ఈ సంగతి అమ్మువారికి ఇంకను బాగుగా తెలియును. కనుక 1960 దశకములో 10, 12, 14 ట్రాన్సిస్టర్లని ముద్రించుకొన్న రేడియోలు బయలుదేరినవి. వానిలో కొన్నింటియందు అదనపు ట్రాన్సిస్టర్లు ఏ పనియు చేయక ఊరక అతికియుండెడివి. మరికొన్నింటియందు ఒక చిన్న డయోడు చేయదగిన పనికి ట్రాన్సిస్టరును నిలిపి లెక్కలో చేర్చిరి. తుదకు 1968లో అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషను కలుగజేసికొనవలసి వచ్చినది. తరంగమును అందుకొనుట, వేరుచేయుట, బలపరచుట వంటి పనులు చేయని ట్రాన్సిస్టర్లను కలిపి సంఖ్యను చాటరాదని అది నియమము చేసినది. ఆ రేడియోలలో 14 ట్రాన్సిస్టర్లు ఉన్నమాట నిజము. అన్నియు పనిచేయుచున్నవా అని అడిగినప్పుడే ఆ నిజము విలువ తేలినది.

ట్రాన్సిస్టర్ల లెక్క వెనుకబడిన తరువాత వాట్ల లెక్క ముందుకు వచ్చినది. వాట్లనగా యంత్రము స్పీకరుకు అందించు శక్తి. మన దేశములో 1990 దశకమున క్యాసెట్ ప్లేయర్లమీదను, స్పీకర్లమీదను వందలు, వేలు వాట్లని వ్రాసి, ప్రక్కనే పి.ఎం.పి.ఓ. అను నాలుగు అక్షరములు చేర్చెడివారు. సంగీతములో ఎన్నడో ఒక క్షణమున, లిప్తపాటు కాలములో ఎగయు శిఖరశక్తి అని దాని భావము. దానిని కొలుచుటకు అందరును అంగీకరించిన పద్ధతి యేదియు లేదు. ఒకరు ఒక విధముగా, వేరొకరు వేరొక విధముగా లెక్కగట్టి, ఎవరి ఇష్టము వచ్చిన అంకెను వారు వేసికొనవచ్చును. నిలకడగా ఇచ్చు శక్తిని తెలుపు అంకె వేరు, దానిని ఆర్.ఎం.ఎస్. వాట్లని వ్యవహరింతురు. పెట్టెమీద వందల వాట్లున్న జత స్పీకర్లు నిలకడగా ఇచ్చునది రెండు మూడు వాట్లే యై యుండుట కద్దు. అమెరికాలో 1974లోనే ఇండ్లలో వాడు ఆంప్లిఫయర్ల నిలకడ శక్తిని ఒక నిర్ణీత పద్ధతిలో కొలిచి చెప్పవలెనని నియమము ఏర్పడినది.

ఈ విషయమున కొనువాడు ఇంటియొద్దనే చేసికొనదగిన లెక్క ఒకటి కలదు. ఒక చిన్న స్పీకరుపై 20 వాట్ల ధ్వని అనియు, 10 గంటల బ్యాటరీ అనియు వ్రాసియున్నదనుకొనుడు. అడుగున సన్నని అక్షరములలో బ్యాటరీ 3.7 వోల్టులు, 2,000 మిల్లీఆంపియర్ అవర్లు అని యుండును. 2,000 మిల్లీఆంపియర్లనగా 2 ఆంపియర్లు. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణింపగా 7.4 వచ్చును. ఆ బ్యాటరీలో నిలువయున్న మొత్తము శక్తి 7.4 వాట్ అవర్లన్నమాట. దానితో నిలకడగా 20 వాట్ల ధ్వని కావలెననినచో, మధ్యలో ఏమియు నష్టము కాలేదనుకొన్నను, 22 నిమిషములలో బ్యాటరీ ఖాళీ యగును. 10 గంటలు మ్రోగవలెననినచో సగటున ముప్పాతిక వాటుకంటె మించి వాడుకొనరాదు.

అనగా 20 వాట్లు నిజము కావచ్చును, 10 గంటలును నిజము కావచ్చును. రెండును ఒకే సమయమున నిజము కానేరవు. మొదటిది తవిలువలె గట్టిగా మ్రోగు క్షణమునకు సంబంధించిన అంకె. రెండవది గదిలో మెల్లగా పెట్టుకొని వినునప్పటి అంకె. సంగీతము ఎల్లప్పుడును శిఖరమున నిలువదు కనుక తయారీదారు చెప్పినదానిలో కొంత న్యాయము లేకపోలేదు. కాని ఎంత ధ్వనిలో 10 గంటలు అని ప్రకటన చెప్పనంతకాలము ఆ అంకెను చూచి రెండు పెట్టెలను పోల్చుట వ్యర్థము.

వాట్ల విషయములో మరియొక చిక్కు కలదు. శక్తి రెండింతలైనంత మాత్రమున ధ్వని రెండింతలుగా వినబడదు. 10 వాట్లను 20 వాట్లుగా పెంచినచో ధ్వని 3 డెసిబెల్లు పెరుగును. చెవికి అది ఒక చిన్న మెట్టు మాత్రమే. రెండింతలు గట్టిగా ఉన్నదని మనకు తోచవలెననినచో శక్తిని ఇంచుమించు పదింతలు చేయవలెను. కావున 10 వాట్ల పెట్టెను కాదని 12 వాట్ల పెట్టెకు ఎక్కువ వెల ఇచ్చువాడు చెవికి తెలియని తేడాకు డబ్బు చెల్లించుచున్నాడు.

గట్టిదనమును గొప్పదనముగా చాటు ప్రకటనలు ఆరోగ్యదృష్టిచే కూడ ఆలోచింపదగినవి. చెవిలో పెట్టుకొను సాధనములతో వినువారు 80 డెసిబెల్ల ధ్వనిని వారమునకు 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించుచున్నది. ధ్వని 90 డెసిబెల్లకు పెరిగినచో ఆ పరిమితి వారమునకు 4 గంటలకు తగ్గిపోవును. లోపలి చెవిలోని సూక్ష్మకణములు ఒకసారి నశించినచో మరల మొలకెత్తవు. కాబట్టి ధ్వని ఎంతవరకు హెచ్చునని కాక, ఒక హద్దు దాటకుండ నిలుపు ఏర్పాటు యంత్రములో ఉన్నదా అని అడిగి కొనుట వివేకము. పిల్లలకు కొనునప్పుడు ఇది మరియు ముఖ్యము.

ఇక పాటల సంఖ్య. 2001వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీన ఆపిల్ సంస్థ ఐపాడ్ అను యంత్రమును ప్రకటించుచు, జేబులో వేయి పాటలని చాటినది. దానిలోని నిలువచోటు 5 గిగాబైట్లు. ఆ యంత్రపు జాతి 2022లో ముగిసినను, వేయి పాటలను ఆ లెక్క నేటికిని ప్రకటనలలో జీవించుచున్నది. ఎట్టి పాటలు వేయి? నాలుగు నిమిషముల నిడివిగల పాటను సెకనుకు 160 కిలోబిట్ల చొప్పున కుదించినచో అది 4.8 మెగాబైట్ల చోటు తీసికొనును. అట్టివి 5 గిగాబైట్లలో వేయికి పైగా పట్టును. లెక్క సరియైనదే.

కాని మన శ్రోత వినునది నాలుగు నిమిషముల పాటయే కానక్కరలేదు. త్యాగరాజస్వామి కీర్తనను ఆలాపన, నెరవు, స్వరకల్పనలతో నలువది నిమిషములు విస్తరించి పాడిన కచేరీ భాగమును అదే మోతాదులో నిలువచేసినచో 48 మెగాబైట్లగును. అప్పుడు వేయి నూరగును. హరికథలు, పౌరాణిక నాటకములు వినువారికిని ఇదియే లెక్క. కుదింపక, కాంపాక్ట్ డిస్కులోని ధ్వనిని ఉన్నదున్నట్లు ఉంచదలచినచో సెకనుకు 1,411 కిలోబిట్లు కావలెను. నాలుగు నిమిషముల పాటయే 42 మెగాబైట్లను ఆక్రమించును. పాటల సంఖ్యను చూచువారు, ఎంత నిడివి, ఎంత కుదింపు అని విచారింపవలెను.

నిలువచోటును గూర్చి మరి రెండు మాటలు. 32 గిగాబైట్ల కార్డును కంప్యూటరుకు తగిలింపగా 29.8 అని చూపుట చూచి మోసపోతిమని కొందరు భావింతురు. అది మోసము కాదు. తయారీదారు వేయి చొప్పునను, కంప్యూటరు 1,024 చొప్పునను లెక్కించుటవలన వచ్చిన భేదము. నిజమైన మోసము వేరొకటి కలదు. లోపల 8 గిగాబైట్ల చోటే ఉండగా, 64 అనియో 128 అనియో కంప్యూటరునకే తప్పుడు సమాచారమందించు నకిలీ కార్డులు అంగడిలో తిరుగుచున్నవి. నిజమైన చోటు నిండిన తరువాత క్రొత్త పాటలు నిలిచినట్లే కనబడును. కాని అవి పాతపాటలపై వ్రాయబడి రెండును చెడిపోవును, లేదా అసలే నిలువవు. కొనిన వారములోనే కార్డును పూర్తిగా నింపి, మొదటి పాటను, నడిమి పాటను, కడపటి పాటను వినిచూచుట దీనికి సులభమైన పరీక్ష.

పాటలు ముందుగనే నింపియిచ్చు పెట్టెలవిషయమున సంఖ్యకంటె జాబితా ముఖ్యము. 2017లో వెలువడిన సారెగామా కారవాన్ 5,000 పాటలతో వచ్చినది. తరువాత ఆ పద్ధతిలో పలువిధముల పెట్టెలు బయలుదేరినవి. పెద్దలకు మీటలు త్రిప్పి వినుటకు ఇవి అనుకూలమైనవే. కాని 5,000 పాటలలో ఇంటివారు కోరునవి ఎన్ని? ఇష్టమైన పాటను వెదకి పట్టుకొను మార్గమున్నదా, లేక వంతు వచ్చువరకు వేచియుండవలెనా? మన యొద్దనున్న పాటలను చేర్చుకొనుటకు వీలున్నదా? పాటల పట్టికను ముందుగా చదివి కొనినవారికి నిరాశ కలుగదు.

అన్నింటికంటె మెరుగుపెట్టిన మాట హై-రిజల్యూషన్ అనునది. దీనిని తెలిసికొనుటకు కొంచెము శాస్త్రము అవసరము. ఆరోగ్యవంతుడైన యువకుని చెవి సెకనుకు 20 కంపనములు మొదలుకొని 20,000 కంపనములవరకు గల ధ్వనులను వినగలదు. వయస్సు పెరిగినకొలది పైహద్దు క్రమముగా దిగిపోవును. ఒక ధ్వనిని అంకెలుగా మార్చి మరల సరిగా రూపొందింపవలెననిన, దాని అత్యధిక కంపనసంఖ్యకు రెండింతలకు మించిన సార్లు సెకనులో కొలతలు తీయవలెను. నైక్విస్టు, షానను అను శాస్త్రజ్ఞుల పేర ఈ సూత్రము ప్రసిద్ధము. 1982లో అమ్మకమునకు వచ్చిన కాంపాక్ట్ డిస్కులో సెకనుకు 44,100 కొలతలు తీయుట ఇందువలననే. ఒక్కొక్క కొలతను 16 బిట్లతో వ్రాయుటవలన అతి మెల్లని ధ్వనికిని అతి గట్టి ధ్వనికిని నడుమ 96 డెసిబెల్ల అంతరము లభించును. ఇంటిలో వినుటకు ఇది పుష్కలము.

ఇప్పుడు 24 బిట్లు, 192 కిలోహెర్ట్జులు అని చాటు యంత్రములు వచ్చినవి. ధ్వనిముద్రణశాలలో పనిచేయువారికి ఆ హెచ్చు కొలతలు ఉపయుక్తములు. వారు ధ్వనులను కలుపునప్పుడు, సవరించునప్పుడు కొంత అదనపు చోటు కావలెను. వినువానికి భేదము తెలియునా? 2007లో అమెరికాలోని ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో ఒక పరీక్ష ప్రచురితమైనది. హెచ్చు కొలతల సంగీతమును ఒకసారి అట్లే, ఒకసారి కాంపాక్ట్ డిస్కు కొలతకు తగ్గించి, ఏది ఏదో చెప్పక వినిపించిరి. 554 సార్లలో సరియైన జవాబు వచ్చినది 276 సార్లు. బొమ్మా బొరుసా వేసి చెప్పినను ఇంచుమించు అంతే వచ్చును. 2016లో అట్టి 18 ప్రయోగములను కలిపి పరిశీలింపగా సరియైన జవాబులు నూటికి 52.3గా తేలినవి. శిక్షణ పొందిన చెవులకు ఏదో కొంత తెలియునేమో గాని, సామాన్య శ్రోత రెండింతలు మూడింతలు వెల యిచ్చి కొనదగినంత భేదము మాత్రము కాదు.

పాటయొక్క మూలమును కూడ చూడవలెను. 1925కు పూర్వము గాయకులు ఒక పెద్ద గొట్టము ఎదుట నిలిచి పాడెడివారు. ఆ ధ్వనియే సూదిని కదలించి రికార్డును గీసెడిది. ఆ పద్ధతిలో రెండు మూడు వేల కంపనములకు పైబడిన ధ్వని నిలిచెడిది కాదు. విద్యుత్ మైక్రోఫోను వచ్చిన పిదప ఆ హద్దు మొదట ఐదారువేలవరకు పెరిగినది. అట్టి పాత రికార్డును 192 కిలోహెర్ట్జుల కొలతతో నిలువచేసినంతమాత్రమున దానిలో లేని ధ్వని రాదు. గరిటెడు పాలను గంగాళములో పోసినను పాలు గరిటెడే.

మరి ధ్వని మంచిచెడ్డలు నిజముగా ఎచట తేలును? రెండు చోటుల: పాటను ముద్రించిన తీరులోను, కడపట చెవికి అందించు స్పీకరులోను లేక ఇయర్‌ఫోనులోను. చాలవరకు ప్రకటనలు నడుమనున్న యంత్రమును పొగడును. కడపటిదానిని గూర్చి 20 నుండి 20,000 హెర్ట్జులవరకు అని ఒక ముక్క వ్రాసి ఊరకుండును. ఆ ముక్కకు, ఎన్ని డెసిబెల్ల హెచ్చుతగ్గులలో అను షరతు చేర్చనిచో అర్థము లేదు. మధ్యస్థాయి గట్టిగాను, అధమస్థాయి చెవికి సోకీ సోకనట్లుగాను ఉన్నను ఆ ముక్కను వ్రాయవచ్చును.

ఒక ఉదాహరణము చూతము. ఒకటవ శ్రుతిలో పాడు గాయకుని తంబురలో మంద్రషడ్జము సెకనుకు సుమారు 65 కంపనములు గలది. రెండంగుళముల స్పీకరు అంత క్రింది ధ్వనిని సరిగా పుట్టింపలేదు. గాలిని తగినంతగా కదలించుటకు దాని వైశాల్యము చాలదు. ఐనను మనకు ఆ షడ్జము ఉన్నట్లే తోచును. ఏలయన ఆ స్వరముతోపాటు పుట్టు 130, 195, 260 కంపనముల అనుస్వరములను విని, మనస్సు లేని మూలస్వరమును ఊహించుకొనును. తయారీదారులు ఈ స్వభావమునే ఆధారము చేసికొని, అనుస్వరములను పెంచి, గంభీరమైన బేస్ అని చాటుదురు. అది తప్పు కాదు. కాని అతిగా పెంచినచో మృదంగపు తొప్పి దెబ్బయు, తంబుర నాదమును, పురుషకంఠమును కలిసి ఒకే మ్రోతయగును. సాహిత్యము వినబడదు.

తీగ లేని ప్రసారమునందును ఇట్టి షరతులు కలవు. సోనీ సంస్థ 2015లో తెలిపిన ఎల్‌డాక్ పద్ధతి సెకనుకు 990 కిలోబిట్లవరకు పంపగలదు. పంపు ఫోనునందును అందుకొను సాధనమునందును ఆ పద్ధతి ఉన్నప్పుడే అది సాధ్యము. ఏ ఒక్కదానియందు లేకున్నను రెండును సామాన్య పద్ధతికి దిగివచ్చును. పెట్టెమీది గుర్తు మాత్రము అట్లే యుండును. నీటికి చెడదను మాటయు అట్టిదే. ఐ.పి.ఎక్స్.7 అను గుర్తునకు, 1 మీటరు లోతు మంచినీటిలో 30 నిమిషములు ఉంచిన చెడలేదని అర్థము. ఎక్స్ అను అక్షరము దుమ్మువిషయమున పరీక్షాఫలితము చూపలేదని తెలుపును. సముద్రపు ఉప్పునీటికిని, సబ్బునీటికిని, ఏండ్లు గడచి రబ్బరు బిగి సడలిన యంత్రమునకును ఆ హామీ చెందదు.

ఇక అంగడిలో ఏమి చేయవలెను? బాగుగా ఎరిగిన రెండు మూడు పాటలను వెంట తీసికొనిపోవలెను. ఒకటి కంఠము స్పష్టముగా వినబడవలసినది, ఒకటి మృదంగమో తబలాయో ఉన్నది, ఒకటి వయొలిను వంటి హెచ్చు స్వరములు గలది. అమ్మువారు వినిపించు పాటతో తృప్తిపడరాదు. అది ఆ యంత్రమునకు నప్పునట్లు ఏరుకొన్నది కావచ్చును. రెండు యంత్రములను పోల్చునప్పుడు రెండింటి ధ్వనిని సమానముగా ఉంచవలెను. కొంచెము గట్టిగా మ్రోగినదియే మేలైనదని చెవి భ్రమపడుట సహజము. వీలైనచో వెంట వచ్చినవారిని యంత్రములు మార్చుమని చెప్పి, తాము వెనుదిరిగి నిలిచి వినవలెను. పేరు, వెల, రంగు కంటికి కనబడనప్పుడు తీర్పు చెవిది యగును.

మీటలను వ్రేళ్లతో తడవి చూడవలెను. చూపు మందగించిన పెద్దలు చీకటిలో దానిని నడపగలరా? బ్యాటరీ బలహీనపడిన తరువాత మార్చుటకు వీలున్నదా? తిరిగి నింపు బ్యాటరీ వాడినకొలది శక్తి తగ్గుట నియతము. మార్చుటకు వీలులేని యంత్రపు ఆయుర్దాయము దాని బ్యాటరీ ఆయుర్దాయమే. మరమ్మతు చేయువారు మన ఊరిలోనో దగ్గరి పట్టణములోనో ఉన్నారా? కొట్టివేసిన పెద్దవెల ప్రక్కన చూపిన చిన్నవెలకు కూడ లొంగరాదు. గరిష్ఠ చిల్లర ధర యనగా అంతకు మించి అమ్మరాదను హద్దు మాత్రమే; ఆ వస్తువు విలువ అంత యని ఎవరును ధ్రువపరచినట్లు కాదు. తగ్గింపును కాక, మనము చెల్లించు మొత్తమును ఇతర దుకాణములతో పోల్చవలెను.

బిల్లును, ప్రకటన ప్రతిని భద్రపరచుకొనుట మరువరాదు. మన దేశములో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము తప్పుదారి పట్టించు ప్రకటనను నిర్వచించి, దానిపై చర్య తీసికొనుటకు కేంద్ర ప్రాధికార సంస్థను ఏర్పరచినది. తయారీదారునకు 10 లక్షల రూపాయలవరకు జరిమానా విధించు అధికారము దానికి కలదు. ఫిర్యాదు చేయదలచినవారు 1915 అను జాతీయ వినియోగదారుల సహాయసంఖ్యకు ఫోను చేయవచ్చును. ఉన్న అంకె ఉన్నట్లు లేదని చూపుటకు చేతిలో కాగితము ఉండవలెను.

ఇంతకును అసలు కొనవలసిన అవసరమున్నదా యనునది మొదట వేసికొనవలసిన ప్రశ్న. చేతిలోని ఫోనే పాటలను చక్కగా వినిపింపగలదు. చాలమందికి క్రొత్త యంత్రముకంటె ఒక మంచి ఇయర్‌ఫోను ఎక్కువ మేలు చేయును. ఇంటర్నెట్టు లేనిచోట వినువారికి, నడుమ నడుమ ప్రకటనలు వద్దనువారికి, ఫోను తెరతో కుస్తీ పట్టలేని పెద్దలకు వేరొక యంత్రము తప్పక ఉపయోగపడును. 1979 జూలైలో సోనీ సంస్థ వాక్‌మన్‌ను వెలువరించినప్పుడు దానిలో ధ్వనిముద్రణ లేదు, స్పీకరు లేదు. లోపములుగా ఎంచదగిన ఈ రెండును ఉన్నను, నడచుచు సంగీతము వినవలెనను కోరికను అది తీర్చినది. అందుచేత లోకము దానిని ఆదరించినది.

కావున అంగడికి బయలుదేరుటకు మునుపు ఒక కాగితముపై నాలుగు ముక్కలు వ్రాసికొనుట మేలు: వినువారు ఎవరు, ఎచట విందురు, ఏ పాటలు విందురు, రోజునకు ఎన్ని గంటలు విందురు. ఆ కాగితమును చేతబట్టుకొని పెట్టెమీది అంకెలను చదివినచో, వానిలో మనకు పనికివచ్చునవి రెండో మూడో తేలును. మిగిలినవి అమ్మువారి ముచ్చటకొఱకు అచ్చొత్తినవి. వానికి వెల చెల్లింపనక్కరలేదు.